పది నిమిషాలు ఇటు, పది నిమిషాలు అటు

కాటారంలో అడిగిన ప్రశ్న

కాటారం దగ్గర నా ఉద్యోగం ఆఖరి ఏడాది నడుస్తోంది. టీకాల రోజు. కొత్తగా చేరిన ఏఎన్‌ఎం అమ్మాయి చంటిపిల్లల్ని తూకం వేస్తూ వేస్తూ ఆగి నన్నడిగింది.

"మేడం, గీ ఇద్దరు తల్లులూ తమ పాలే ఇస్తున్నరు. డబ్బా పాలు లేవు, పోత పాలు లేవు. ఇద్దరూ తినేది గా అన్నమే, గా పప్పే. మరి గా పోరడు గుండ్రాయి లెక్క ఉన్నడు, గీ పిల్లనేమో పుల్ల లెక్క ఉన్నది. ఎందుకు మేడం?"

"చాయ్ తాగినంక చెప్త" అన్నాను. చాయ్ అయింది, భూపాలపల్లి బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను. ఆ అమ్మాయికి జవాబు చెప్పనేలేదు. జవాబు తెలియక కాదు. అది సరిగ్గా చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఆ ధైర్యం రాలేదు. ఇప్పుడు రిటైరయ్యాను, ఇక నన్ను ఎక్కడికి బదిలీ చేస్తారు? అందుకే రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సమ్మగా తిరిగాను. మొదట జనగామ దిక్కు, తర్వాత మానుకోట దిక్కు, చివరికి భూపాలపల్లి. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. నాకొచ్చిన ప్రమోషన్ ఒక్కటే, అదీ ఆలస్యంగా వచ్చింది, దాని ఊసు ఎత్తను. రిజిస్టర్ల గురించీ చెప్పను. వాటిని మీరు వెతుక్కోనక్కర్లేదు, అవే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. ఇక్కడ చెప్పేది ఇద్దరు సన్నటి పిల్లల గురించి, ఒక చేతి గడియారం గురించి.

పెద్ద సిస్టర్

నేను పని నేర్చుకున్నది ఒక ప్రసూతి వార్డులో. అక్కడ మాకు పెద్ద సిస్టర్ ఒకావిడ ఉండేది. గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. చేతులు కడుక్కోకుండా పిల్లను ముట్టుకుంటే వేళ్ల మీద స్కేలుతో కొట్టేది. బొడ్డు కోయడం, కాన్పు తర్వాత రక్తం ఎంత పోతే భయపడాలో చూడటం, ఏడ్చే తల్లి పక్కన ఊరికే కూర్చోవడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఈ రోజుకీ ఆవిడకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఆవిడే ఇంకొకటి కూడా నేర్పింది. "పాలకు టైముండాలె. మూడు గంటలకోసారి. పది నిమిషాలు ఇటు, పది నిమిషాలు అటు. గంట చూసి పట్టియ్యాలె, గంట చూసి విడిపియ్యాలె. లేకపోతె పిల్లకు అలవాటు చెడిపోతది." వార్డులో మంచాల మధ్య గడియారం చూసుకుంటూ తిరిగేది. ఆ రోజుల్లో చాలామంది అలాగే చెప్పేవాళ్లు, ఆవిడ ఒక్కతే కాదు. నేను మొదటి జీతంతో కొన్నది చీర కాదు, ఒక చేతి గడియారం.

తర్వాత ఎన్నో శిక్షణలకు పోయాను. పిల్ల అడిగినప్పుడల్లా ఇవ్వాలి, పిల్ల వదిలేదాకా ఇవ్వాలి అని అక్కడ చెప్పారు. రాసుకున్నాను కూడా. కానీ అది చెవిలో పడింది, చేతిలోకి రాలేదు. చెడ్డ గురువు నేర్పిన తప్పును మనం త్వరగానే వదిలేస్తాం. మంచి గురువు నేర్పిన తప్పు మాత్రం ముసలితనం దాకా వెంట వస్తుంది.

చిల్పూరు తొవ్వలో ఒక మాట

కొత్తలో నన్ను చిల్పూరు దిక్కు ఊళ్లకు పంపారు. ఒక ఇంట్లో మూడు నెలల పిల్ల ఉంది. తల్లి సన్నగా ఉంటుంది, తండ్రి మరీ సన్నగా ఉంటాడు, గాలొస్తే పక్కకు ఒరుగుతాడేమో అనిపించేది. పిల్ల కూడా సన్నగానే ఉంది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నా గొంతు వినగానే తల తిప్పింది. దండెం మీద తడిగుడ్డలు వరసగా ఆరేసి ఉన్నాయి, అంటే ఒంటేలుకు బాగానే పోతోంది. కార్డు మీద గీత నెమ్మదిగా అయినా పైకే పోతోంది. భయపడాల్సింది ఒక్కటీ లేదు.

పిల్లను ఎత్తుకుని, "జర సన్నగున్నదే" అన్నాను. అంతే. ఇంకో మాట అనలేదు. సంచి భుజానికేసుకుని పక్కింటికి పోయాను.

ఆ మాట ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నర్సమ్మ సన్నగున్నదన్నదట, తల్లి పాలు సాలుతలేవట అని ఇల్లంతా పరేషాన్ అయింది. డబ్బా తెచ్చారు. ఎక్కువ రోజులు రావాలని పలుచగా కలిపారు. సీసా సరిగ్గా కడగలేదు. తర్వాత పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. జనగామ దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైపోయింది. నేను మళ్లీ ఆ ఇంటికి పోయిన రోజున దండెం మీద ఒక్క గుడ్డ లేదు.

పెద్ద సిస్టర్ దగ్గరికి పోయి ఏడ్చాను. "ఏం మందిచ్చినవ్?" అని అడిగింది. ఏమీ ఇవ్వలేదు, ఒక మాట అన్నానంతే అని చెప్పాను. "మాట కూడా మందే బిడ్డా. మోతాదు చూసి ఇయ్యాలె" అంది.

అప్పటినుంచి సన్నగా ఉందనే మాట నా నోట రాలేదు. మాట జాగ్రత్త వచ్చింది. చెయ్యి జాగ్రత్త రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

కేస్లీ ఇంటి తగువు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను కురవి దిక్కు పనిచేసేదాన్ని. అప్పటికి జిల్లాలు విడిపోలేదు, మానుకోట కూడా వరంగల్ జిల్లాలోనే ఉండేది. నా కింద ఒక లంబాడీ తండా ఉండేది. ఇళ్లలో వాళ్ల భాష వాళ్లది, నాతో తెలుగు. నాకు వాళ్ల భాషలో ఓ పది మాటలొచ్చు, అందులో ఐదు తిట్లు.

ఆ తండాలో కేస్లీ అని ఒక పెద్దామె. భర్త పోయాడు, ఇల్లంతా ఆమె మాట మీదే నడిచేది. పెద్దకొడుకు చెల్క, అంటే మెట్ట పొలం, చూసుకునేవాడు, వాడి భార్య జమున. చిన్నకొడుకు హైదరాబాదులో మేస్త్రీల కింద పనికి పోయాడు, వాడి భార్య బూలి. తోడికోడళ్లిద్దరూ వారం తేడాతో కన్నారు. జమునకు కొడుకు, బూలికి కూతురు.

జమున కొడుకు పాలు తాగడం చూడాలి! కట్టు విప్పిన దూడ తీరుగా మీద పడేవాడు. గటగటా తాగేసి ఏడెనిమిది నిమిషాల్లో నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. బూలి కూతురిది వేరే తీరు. నాలుగు గుక్కలు తాగేది, ఆగేది, తల్లి మొహం చూసేది, మళ్లీ నాలుగు గుక్కలు. ఒక పూట పాలు తాగడానికి ముప్పావు గంట పట్టేది. మనలో కూడా అన్నం గబగబా తినేవాళ్లు ఉంటారు, కూర్చుని కూర్చుని తినేవాళ్లు ఉంటారు. పిల్లలూ అంతే. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఒకరోజు నేను పోయేసరికి వాకిట్లో గొడవ జరుగుతోంది.

"నర్సమ్మా, నువ్వే చెప్పు" అంది కేస్లీ. "జమునను చూడు. పోరనికి పాలిచ్చి చెల్కకు పోయి కలుపు తీసి వస్తున్నది. గీమె పొద్దంత పిల్లను ఒళ్లె ఏసుకొని కూసుంటది. పని తప్పిచ్చుకునే ఉపాయం గాకపోతె ఏంది గిది?"

బూలి కళ్లు తుడుచుకుంటూ అంది: "నేనేం చెయ్యాలె నర్సమ్మా? పోరి ఇడుస్తలేదు."

నాకు పెద్ద సిస్టర్ గుర్తొచ్చింది. చేతి గడియారం విప్పి బూలి చేతిలో పెట్టాను. ఆమెకు గంటలు చూడటం రాదు. పెద్ద ముల్లు చూపించి నేర్పాను. "గీ ముల్లు రెండు అంకెలు దాటేదాక ఒక దిక్కు. ఇంకో రెండు దాటేదాక ఇంకో దిక్కు. గంతే. పిల్లను అవ్వకిచ్చి పనికి పో. మళ్ల మూడు గంటలకు."

కేస్లీ సంతోషపడింది. బూలికి తిట్లు తప్పాయి. పామూ చావలేదు, కర్రా విరగలేదు అనుకుని ఇంటికి పోతూ నన్ను నేనే మెచ్చుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా అమ్మను పెట్టనివ్వని మనిషిని నేను.

మొదటి నాలుగైదు రోజులు పిల్ల ఏడ్చిందట. తర్వాత ఏడవడం మానేసిందట. "మంచి పిల్లయింది నర్సమ్మా, జర కూడ సతాయిస్తలేదు" అంది కేస్లీ. నేనూ అవునన్నాను. కడుపు నిండిన పిల్ల ఊరుకోవడం వేరు, అడిగి అడిగి విసిగిన పిల్ల ఊరుకోవడం వేరు. ముప్పై ఏళ్లు పిల్లల్ని చూసిన దాన్నని చెప్పుకుంటాను, ఆ రోజు ఆ తేడా పట్టుకోలేకపోయాను.

తర్వాతి తూకంలో జమున కొడుకు ఐదున్నర దాటాడు. బూలి కూతురు మూడు కిలోల ఏడు వందల దగ్గర ఆగిపోయింది. కార్డు మీద ఆకుపచ్చలో ఉండాల్సిన చుక్క పసుపులోకి దిగింది.

"దీని పాలల్ల పస లేదు" అని తీర్పు చెప్పింది కేస్లీ. బూలి తల వంచుకుంది. "డబ్బా తెస్త" అంది కేస్లీ.

చిల్పూరు దండెం నా కళ్ల ముందు మెదిలింది. "ఒక నెల ఆగు అవ్వా, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. కేస్లీ రాక్షసి కాదు. వీరభద్రస్వామి గుడికి పోయి మనవరాలికి మొక్కు కూడా మొక్కి వచ్చింది. "నెల చూస్త. గప్పటికీ పెరగకపోతె నేను ఆగ. నా పిల్ల ఎండిపోతుంటె చూసుకుంట కూసోవాల్నా?" అంది. బూలికి రక్తం గోలీలు, కాల్షియం గోలీలు ఇచ్చి వచ్చాను. నెల గడువు నాకు కూడా పెట్టినట్టే అనిపించింది.

ఇంటికొకరు

ఆ వారమే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులకు తాళాలు. టీకాలు మాత్రం ఆపకూడదని నేను నల్ల బ్యాడ్జి పెట్టుకుని పనిచేశాను. మానుకోటకు పోయి వచ్చే దారి లేక పక్క ఊళ్లోనే ఒక గది చూసుకుని ఉండిపోయాను. ఎక్కడికి పోవాలన్నా నడకే.

తండా దగ్గర రోడ్డు మీద దీక్షకు టెంటు వేశారు. తండా పెద్దలు కట్టు పెట్టారు: ఇంటికొకరు పొద్దున వచ్చి పొద్దు గూకేదాకా టెంటులో కూర్చోవాలి. కేస్లీ ఇంటి లెక్క కేస్లీ చూసుకుంది. పెద్దకొడుకు పోతే చెల్క ఆగుతుంది, జమున పోతే కలుపు ఆగుతుంది. ఎట్లాగూ చంటిపిల్లతో సగం పనికి కూడా రాని మనిషి బూలి. బూలినే పంపింది.

నేను మొదట్లో ఆ టెంటు వైపు చూడనే లేదు. మూడు వారాలు కావస్తుండగా, వంటా-వార్పు జరిగిన రోజున అటు నడుచుకుంటూ పోయాను. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజు గిన్నెలు, ఎర్రగా మండే కట్టెలు. మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. కాళ్లు నొప్పులు పుట్టి బూలి పక్కన కూలబడ్డాను.

అప్పుడే పొయ్యి మీద ఎసరు పెట్టారు. అప్పుడే బూలి పిల్లను రొమ్ముకు పట్టించుకుంది. మేం మాట్లాడుకుంటూ ఉన్నాం. ఎసరు మరిగింది, బియ్యం పోశారు. పిల్ల నాలుగు గుక్కలు తాగి ఆగింది, మళ్లీ అందుకుంది. అన్నం కుతకుతా ఉడికింది. పిల్ల ఇంకా తాగుతోంది. ఇద్దరు మగవాళ్లు గంజు దించి గంజి వంచారు. అప్పటికి పిల్ల తనంతట తనే నోరు వదిలి, చెంప మీద పాల చుక్కతో నిద్రలోకి జారింది.

అలవాటుగా ఎడం మణికట్టు చూసుకున్నాను. గడియారం లేదు.

"నా గడియారమేదే?" అని అడిగాను.

"ఇంట్ల సందుగు పెట్టెల పెట్టిన నర్సమ్మా" అంది బూలి భయంగా. "గింత మందిల యాడనన్న పడిపోతె నీకేం జవాబు చెప్పాలె? రోజూ ఇంట్లనే పెట్టి వస్తున్న."

సంచిలోంచి కొక్కెం త్రాసు తీసి టెంటు వెదురుకు తగిలించాను. గుడ్డ ఉయ్యాలలో పిల్లను పెట్టాను. ముల్లు నాలుగు కిలోలు దాటింది, నాలుగున్నర దగ్గరికి పోయి ఊగి ఆగింది. రెండోసారి వేశాను. అంతే ఉంది.

మూడు వారాలు ఆ పిల్లను ఎవరూ పాల మీదనుంచి లాగలేదు. అయ్యిందా, ఇంకా కాలేదా అని అడిగేవాళ్లు అక్కడ లేరు. జరిగిందంతా ఇంతే. నాకు ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైపోయింది.

గోలీల మహిమ

సరిగ్గా అప్పుడే కేస్లీ రొట్టెల మూటతో వచ్చింది. త్రాసు ముల్లు చూసింది. పిల్ల బుగ్గ పట్టుకుని చూసింది. "ఏం మందు పెట్టినవ్ నర్సమ్మా?"

టెంటులో ఉన్న ఆడవాళ్లందరూ నా మొహంలోకి చూస్తున్నారు. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నా గడియారమే పిల్లను ఎండబెట్టింది అని చెప్పాలి. చెప్పలేదు.

"గోలీలు పనిచేసినయ్ అవ్వా" అన్నాను.

ఆడవాళ్లు నన్ను పొగిడారు. ఒకామె నాకు విస్తరాకులో అన్నం పెట్టించింది. బూలి మిగిలిన గోలీల కాగితాన్ని కొంగుకు ముడి వేసుకుంది, అదేదో బంగారమైనట్టు.

ఎందుకు అబద్ధం చెప్పాను? నాకు నేను చెప్పుకున్న కారణం బాగానే ఉంది: నర్సమ్మ తప్పు చేసిందని తెలిస్తే రేపు టీకాలకు పిల్లల్ని తేరు. అసలు కారణం అది కాదు. సిగ్గు. అంతమందిలో చిన్నబోవడం ఇష్టం లేకపోయింది. మెల్లగా బూలి ఒక్కదానికే చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. రేపు జ్వరాల ఊరికి పోవాల్సి వచ్చింది. ఎల్లుండి ఇంకోటి. ఈ ఉద్యోగంలో చెప్పకూడని మాట చెప్పడం ఒక తప్పు, అది నేను చిల్పూరులో చేశాను. చెప్పాల్సిన మాట చెప్పకపోవడం రెండో తప్పు. రెండోదే పెద్దదని నేనంటాను.

డబ్బా మూత

వంటా-వార్పు అయిన కొద్ది రోజులకే సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. టెంటు విప్పారు. చెల్కల్లో పత్తి పగిలి తెల్లగా కనిపిస్తోంది, ఇంటిల్లిపాదీ ఏరడానికి దిగారు. బూలి కూడా పోయింది. పోయేముందు సందుగు తెరిచి గడియారం తీసుకుంది. నర్సమ్మ చెప్పిన మాట కదా! గోలీలు ఒక్కటీ తప్పకుండా మింగింది. పది నిమిషాలు ఇటు, పది నిమిషాలు అటు, అదీ ఒక్కటీ తప్పలేదు.

టెంటులో తూకం వేసిన మూడు వారాలకు నేను మళ్లీ తండాకు పోయాను. త్రాసు ముల్లు దాదాపు టెంటులో ఆగిన చోటే ఆగింది. పిల్ల ఏడవడం లేదు. ఆ ఊరుకోవడం ఏమిటో ఈసారి నాకు తెలుసు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పక్కన కొత్త పాలడబ్బా, కొత్త సీసా ఉన్నాయి. కేస్లీ డబ్బా మూత తీయడానికి చెంచా వెనకవైపు పెట్టి నొక్కుతోంది.

"నీ గోలీలు గూడ అయినయ్, నీ గడువు గూడ అయిపోయింది నర్సమ్మా" అంది నావైపు చూడకుండానే.

నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, మూత తియ్యకు. తప్పు బూలి పాలది కాదు. నాది."

అంతా చెప్పాను. జమున గుమ్మంలో నిలబడి వింటోంది, బూలి పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. "నీ మనుమరాలు నిదానంగ తాగే పిల్ల. పాలు మొదట్ల పలుచగ వస్తయ్, తాగుతుంటె తాగుతుంటె చిక్కబడతయ్. గా చిక్కటి పాలు వచ్చేటప్పటికి మనం పిల్లను గుంజేస్తున్నం. పిల్ల తక్కువ తాగితె తల్లికి పాలు గూడ తక్కువైతయ్. టెంటుల గడియారం లేదు, గందుకె పెరిగింది. గోలీలతోని కాదు. గది నాకు గా దినమే తెల్సింది. చెప్పలే."

కేస్లీ చెంచా కింద పెట్టింది. "అంటె దీని పాలల్ల పస ఉన్నదా?"

"ఉన్నది."

"మరి గిన్ని దినాలు నేను దీన్ని తిట్టిన తిట్లు? గవి ఎవలు తీసుకోవాలె?"

"నేనే తీసుకుంట అవ్వా."

నా మాట ఆమె ఖాయం చేసుకుంది. వాళ్ల భాషలో అందుకుంది. నాకు తెలిసిన ఐదు తిట్లు మొదటి ఊపులోనే అయిపోయాయి. ఆ తర్వాతవన్నీ కొత్తవి. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. నాకూ నవ్వొచ్చేదే. కానీ బూలి నవ్వలేదు.

"నీకు తెల్సినప్పుడు ఎందుకు చెప్పలే?" అని అడిగింది మెల్లగా. "గిన్ని దినాలు పోరి ఏడ్చుకుంట నా దిక్కు చూసేది. నేను ముల్లు చూసుకుంట గుంజిన. నా చేతులతోనే గుంజిన నర్సమ్మా."

ఆ రోజు అక్కడే, వాళ్ల ముందే, ఏడ్చాను.

బూలి లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన గడియారం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీది నువ్వే పెట్టుకో. బస్సులు నడుస్తున్నయ్ గదా, నీకు పనికొస్తది." ఎగతాళి చేస్తోందేమో అనుకుని మొహం చూశాను. ఎగతాళి కాదు, నిజంగానే అంది. అది ఇంకా బరువనిపించింది.

మర్నాటినుంచి కేస్లీయే పిల్లను చెల్కకు మోసుకుపోయింది. గట్టు మీద చీరతో ఉయ్యాల కట్టింది. పిల్ల కదిలితే చాలు, "బూలీ!" అని కేకేసేది. పాలడబ్బాను కొట్టువాడు వాపసు తీసుకోలేదు. వారం రోజులు ఆ ఇంట్లో అందరూ ఆ పాలపొడితోనే చాయ్ తాగారు. నాకూ పోసింది కేస్లీ, "తాగు, నీ డబ్బానే గదా" అంటూ.

కాటారం అమ్మాయికి

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను బిడ్డా. అన్ని సన్నటి పిల్లల వెనకా గడియారం ఉండదు. నేను ఒకటి నేర్చుకున్నానని అదే అన్నిచోట్లా వెతకకు. అది కూడా ఒక తప్పే.

ముందు అడగాల్సింది ఎన్ని కిలోలు అని కాదు. పాలు తాగుతున్న పిల్ల తనంతట తనే వదిలిందా, ఎవరైనా వదిలించారా అని అడుగు. వదిలించేది గడియారమే కానక్కర్లేదు. మేస్త్రీ కేక, అత్త చూపు, బడికి పోయే పెద్దపిల్ల, పొంగిపోయే పాలగిన్నె ఏదైనా కావచ్చు. నోటినిండా పట్టుకుంటుందా, చివర మాత్రమే పట్టుకుని చప్పరిస్తోందా, పక్కన కూర్చుని నీ కళ్లతో చూడు. మధ్యలో నీళ్లు, తేనె, ఆముదం ఏమైనా పోస్తున్నారేమో కనుక్కో. చిన్న కడుపులో అవి పడితే పాలకు చోటేది? రాత్రిళ్లు ఇస్తోందా అడుగు. పుట్టినప్పుడు ఎంత ఉందో చూడు. జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నాయేమో చూడు. దండెం మీద తడిగుడ్డలు లెక్కపెట్టు.

తర్వాత తండ్రినీ తల్లినీ చూడు. కార్డులో ఒక్క చుక్కను కాదు, చుక్కలన్నీ కలిపిన గీతను చూడు. గీత పైకి పోతూ, పిల్ల ఆడుతూ, గుడ్డలు తడుస్తూ ఉంటే, ఆ పిల్ల సన్నగా ఉందంతే. అది జబ్బు కాదు. పక్కింటి పిల్లవాడి గీత మీద ఈ పిల్లను నడిపించాలని చూడకు. గీత ఆగినా, పిల్ల సొమ్మసిల్లినా, గుడ్డలు తడవకపోయినా అప్పుడు వేదాంతం చెప్పకు, వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపో. అప్పటిదాకా నీ నోరు జాగ్రత్త. తప్పు చేస్తే మాత్రం అదే నోటితో అదే వాకిట్లో చెప్పు, నాలాగ మూడు వారాలు ఆగకు.

తండా నుంచి వచ్చేసిన రోజు

మరుసటి ఏడు నాకు బదిలీ వచ్చింది. ఆఖరిసారి తండాకు పోయి తూకాలు వేశాను. బూలి కూతురు బాగా పెరిగింది, గోడ పట్టుకుని నిలబడుతోంది. కానీ సన్నగానే ఉంది. జమున కొడుకు గీత పైన, ఈమె గీత కింద, రెండూ పక్కపక్కనే పైకి పోతున్నాయి.

ఆ పూట గాజులమ్మే ఆమె ఒకతె వాకిట్లో గాజుల మలారం దించింది. పిల్లను చూసి, "ఏందవ్వా, గీ పిల్ల గింత సన్నగున్నది? తల్లికి పాలు లేవా?" అంది.

నేను నోరు తెరిచేలోపే కేస్లీ అందుకుంది. "పాలు సాలినన్ని ఉన్నయ్. మా పిల్ల సన్నగనే ఉంటది, వాళ్ల తాత ఓలె. నువ్వు నీ గాజుల సంగతి చూసుకో!" అని నావైపు తిరిగి, "ఏం నర్సమ్మా?" అంది.

"అవునవ్వా" అన్నాను.

పోయేముందు పిల్లను ఒక్కసారి ఎత్తుకుందామనుకున్నాను. అప్పటికే బూలి పాలిస్తోంది. పిల్ల నాలుగు గుక్కలు తాగింది, ఆగింది, తల్లి మొహం చూసింది, మళ్లీ అందుకుంది. రోడ్డు మీద మానుకోట బస్సు హారన్ వినిపించింది. నా చెయ్యి గడియారం మీదికి పోయింది. బూలి అది చూసింది.

"బస్సు పోతది నర్సమ్మా. గుంజాల్నా?" అని అడిగింది.

"వద్దు బిడ్డా" అన్నాను. "తాగనీ."

బస్సు పోయింది. పిల్ల వదిలేదాకా కూర్చున్నాను.